ప్రెస్టెల్ సేవ – ఇంటి కంప్యూటర్ల ప్రవేశం

ఇంటి నుంచి సమాచారం తెప్పించుకునే చరిత్రను వరల్డ్ వైడ్ వెబ్‌తో మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది. అంతకు పదేళ్ళ ముందే బ్రిటన్‌లో కొందరు గృహస్థులు దూరాన ఉన్న కంప్యూటర్‌కు ఫోన్ చేసి, అది పంపిన పేజీలను టీవీ తెరపై చదివారు. ఈ పద్ధతినే వీడియోటెక్స్ అంటారు. అప్పట్లో అక్కడ టెలిఫోన్లు కూడా పోస్టాఫీసు అధీనంలోనే ఉండేవి. ఆ సంస్థ పరిశోధనా విభాగానికి చెందిన శామ్ ఫెడిడా దీనిని రూపొందించారు. 1979లో ఇది ప్రెస్టెల్ పేరుతో ప్రజల ముందుకు వచ్చింది.

ఒక్కో పేజీలో 24 వరుసలు, వరుసకు 40 అక్షరాలు, అంటే మొత్తం 960 అక్షరాలు పడతాయి. సమాచారం సెకనుకు 1200 బిట్ల వేగంతో ఇంటికి వచ్చేది. అక్షరానికి 10 బిట్ల చొప్పున మీరే లెక్క వేయండి: నిండు పేజీ రావడానికి 8 సెకన్లు. ఇంటి నుంచి వెళ్ళే వేగం సెకనుకు 75 బిట్లే. చదువరి పేజీ నంబరు నొక్కడం తప్ప చేసేదేమీ ఉండదని నిర్మాతలు భావించారన్నమాట. ఈ అంచనాలోనే వారి దృష్టి మనకు కనిపిస్తుంది.

ప్రెస్టెల్ కోసం ప్రత్యేకంగా తయారైన టీవీ సెట్టు సామాన్యుడు కొనగలిగింది కాదు. ట్రావెల్ ఏజెంట్ల వంటి వ్యాపారులకు అది ఉపయోగపడింది గాని ఇళ్ళలోకి అంతగా చొరలేదు. చందాదారుల సంఖ్య ఏనాడూ లక్షకు చేరలేదు. ఫ్రాన్స్‌లో టెలిఫోన్ శాఖ మినిటెల్ పరికరాలను ఉచితంగా పంచింది. 1990ల తొలి సంవత్సరాల నాటికి అక్కడ అవి 60 లక్షలు దాటాయి. బ్రిటన్‌లో ప్రభుత్వం ఇవ్వని పరికరాన్ని ప్రజలు మరో దారిలో సమకూర్చుకున్నారు.

ఆ దారి ఇంటి కంప్యూటర్. 1981 చివరలో వచ్చిన బీబీసీ మైక్రోలో టెలిటెక్స్ట్ పేజీలు చూపే చిప్ ముందే అమర్చి ఉంది. కనుక మోడెమ్, తగిన సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. 1982 నాటి సింక్లెయిర్ స్పెక్ట్రమ్ చవకైనది, కాని దాని తెరపై వరుసకు 32 అక్షరాలే పడతాయి. వీటీఎక్స్ 5000 అనే మోడెమ్ సాఫ్ట్‌వేర్ అక్షరాలను సన్నగా గీసి 40 ఇరికించేది. చూడడానికి అంత ముచ్చటగా ఉండకపోయినా పని జరిగేది.

ఇక్కడ మీరు ముఖ్యంగా గమనించవలసింది జ్ఞాపకశక్తి. సాధారణ ప్రెస్టెల్ సెట్టు పేజీని చూపించి మరిచిపోతుంది. కంప్యూటర్ దాన్ని క్యాసెట్‌లోనో డిస్కులోనో దాచుకుంటుంది. ఫోన్ పెట్టేసి తీరిగ్గా చదువుకోవచ్చు, జాబును ముందే రాసిపెట్టుకుని ఆ తర్వాత ఫోన్ కలపవచ్చు. ఎస్.టి.డి. బూత్‌లో మీటరు వైపు చూస్తూ మాట్లాడిన తరానికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. 1983లో ప్రెస్టెల్ మీదనే మొదలైన మైక్రోనెట్ 800 ఈ సౌకర్యాన్ని బాగా వాడుకుంది. ప్రోగ్రాములను పేజీలుగా విడగొట్టి పంపేది. కంప్యూటర్ వాటిని తిరిగి జోడించి, తప్పు దొర్లిన పేజీని మళ్ళీ అడిగేది. చదువరుల ఉత్తరాలు, కబుర్లు కూడా అందులో చోటుచేసుకున్నాయి. వినియోగదారు రాయడని వేసిన పాత అంచనా ఆ విధంగా తలకిందులైంది.

తమ ఇళ్ళలోని ఇలాంటి కంప్యూటర్లతోనే రాబర్ట్ షిఫ్రీన్, స్టీఫెన్ గోల్డ్ అనే ఇద్దరు ప్రెస్టెల్ లోపలి భాగాల్లోకి ప్రవేశించి, ఎలిజబెత్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ మెయిల్‌బాక్స్ దాకా చేరుకున్నారు. కంప్యూటర్ నేరాలకు అప్పట్లో ప్రత్యేక చట్టం లేదు. అందుచేత 1981 నాటి ఫోర్జరీ చట్టం కింద వారిపై కేసు పెట్టారు. 1986లో శిక్షగా జరిమానాలు పడ్డాయి. అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టివేయగా, 1988లో ప్రభువుల సభ ఆ తీర్పునే ఖాయం చేసింది. ప్రెస్టెల్ యంత్రం సంకేతపదాన్ని సరిచూసుకునేందుకు క్షణకాలం ఉంచుకుని చెరిపివేస్తుంది. అంతమాత్రాన అది నమోదైనట్లు కాదు, నమోదు కానిదే దొంగపత్రం కాజాలదు అన్నది వాదన. చట్టంలోని ఈ ఖాళీని పూరించడానికే 1990లో కంప్యూటర్ దుర్వినియోగ చట్టం వచ్చింది. మరుసటి సంవత్సరం అక్టోబరులో మైక్రోనెట్ మూతపడింది.