వడిసెల, ఉండేలు, పంగలకర్ర

మొన్న సంక్రాంతికి షోలాపురంలో సిద్ధేశ్వరస్వామివారి గడ్డాయాత్ర జరిగినప్పుడు మా అబ్బాయి అంగళ్ల వరుసలో ఒక ప్లాస్టిక్ బేచ్కీని కొనిపించుకొన్నాడు. ఇంటికి చేరిన మరునాడే దాని కొమ్ము ఒకటి విరిగింది. విరిగినందుకు వాడు ఏడవలేదు గాని ఒక ప్రశ్న వేశాడు: "నాన్నా, దీన్ని మన తెలుగులో ఏమంటారు?"

పంగలకర్ర అన్నాము మేము. గులేరు అన్నది వాళ్ల అమ్మ. మాటలు విని లోపలికి వచ్చిన పక్కింటి పెద్దాయన, అదేమిటి, ఉండేలు కదా అన్నారు. వీటన్నిటికంటె ముందు మా నాయనమ్మ నోట విన్న వడిసెల అనే మాట మాకు జ్ఞాపకం వచ్చింది. పిల్లవాడు మా ముఖాలు చూచి నవ్వాడు. ఇన్ని పేర్లలో సరియైనది ఏదని విచారించగా మాకు తెలిసివచ్చిన సంగతులనే ఈ ఉగాది సంచిక ద్వారా సోదర సోదరీమణులకు మనవి చేస్తున్నాము. మేము చరిత్ర పండితులము కాము. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

ముందుగా చెప్పవలసినది ఏమంటే, ఇవి ఒకే వస్తువుకు పేర్లు కావు. వడిసెల వేరు, ఉండేలు వేరు, పంగలకర్ర వేరు. ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. కొత్తది వచ్చినప్పుడల్లా జనం పాత పేరునే దానికి తగిలించడం వల్ల ఈ గందరగోళం కలిగింది.

వడిసెలలో కర్ర లేదు, రబ్బరు లేదు. జనపనారతోనో గోగునారతోనో పేనిన రెండు తాళ్లు, వాటి నడుమ రాయి కూర్చునేందుకు అల్లిన చిన్న ఒడి, అంతే. ఒక తాడు చివరనున్న ఉచ్చు వేలికి తగిలించుకొని, రెండవ చివరను అదే చేతి వేళ్లతో బిగించి పట్టి, తల చుట్టూ గిరగిర త్రిప్పి, అదను చూచి ఆ రెండవ చివరను వదలాలి. రాయి నూరు గజాలు దాటి పోతుంది. వదలిన తాడు చివర గాలిలో ఛెళ్లుమంటుంది. ఆ చప్పుడును మరచిపోవద్దని మనవి; దాని పని తరువాత చెబుతాము.

ఇది ఎంత పాతదో ఊహించడం కష్టం. మొహెంజొదారో త్రవ్వకాలలో దొరికిన మట్టి ఉండలలో కొన్నిటిని వడిసెల గుండ్లుగా పండితులు గుర్తించారు. 1922 లో ఈజిప్టులో టూటంఖమన్ రాజు సమాధి తెరచినప్పుడు అందులోని వస్తువులలో చక్కగా అల్లిన వడిసెలలు కనిపించాయి. ఆ రాజు చనిపోయి సుమారు 3,300 ఏండ్లయినది. బైబిలులో గొఱ్ఱెల కాపరియైన దావీదు మహాకాయుడైన గొల్యాతును పడగొట్టినది వడిసెల రాతితోనే. మధ్యధరా సముద్రంలోని బలియారిక్ దీవులవారు వడిసెల విద్యకు పేరు పొందినవారట. అక్కడి తల్లులు రొట్టెను ఎత్తున పెట్టి, దానిని రాతితో కొట్టి పడవేసేదాకా పిల్లలకు తిండి పెట్టేవారు కారని పూర్వపు రచయితలు వ్రాశారు. గ్రీకులు, రోమనులు సీసపు గుండ్లు పోతపోసి వాటిమీద శత్రువును హేళన చేసే మాటలు కూడా అచ్చు వేసేవారు.

రాజుల యుద్ధాల మాట అలా ఉంచి మన చేల దగ్గరకు వద్దాము. వడిసెలను ఏండ్ల తరబడి బ్రతికించినది సైన్యాలు కావు, జొన్న చేలు. జొన్నకంకి పాలుపోసుకొనే రోజులలో పిచ్చుకలు, చిలుకలు, గువ్వలు మందలుగా దిగుతాయి. చేను నడుమ మంచె వేసి, ఇంటిలోని పిల్లనో ముసలివారినో దానిపై కూర్చోబెట్టేవారు. వారి చేతిలో వడిసెల. మన షోలాపురం చుట్టుప్రక్కల మరాఠీ రైతులు దీనినే గోఫణ్ అంటారు. కన్నడిగుల కవణె, తమిళుల కవణ్ ఇదే. యాత్ర రోజులలో మనం చేలకు వెళ్లి హుర్డా తింటాము గదా, మన పెద్దలు ఊచబియ్యం అన్నది దానినే. ఆ లేత గింజ పిట్ట నోటికి పోకుండా మన నోటికి దక్కడం వెనుక మంచెమీద కూర్చున్నవారి శ్రమ ఉన్నది.

వడిసెలకు మన తెలుగు నేలపై ఇంకొక చరిత్ర కూడా గలదు. షోలాపురం తెలుగువారిలో చాలమంది పెద్దలు మగ్గం పనికొరకు తెలంగాణ జిల్లాలనుండి వచ్చినవారే కనుక ఇది మన ఇంటి చరిత్ర అనుకోవచ్చు. నైజాం పాలనలో దొరల వెట్టికి, అక్రమ వసూళ్లకు ఎదురు తిరిగిన పల్లెజనం చేతిలో మొదట తుపాకులు లేవు. గుత్పలు, వడిసెలలు, ఆడవారి చేతిలో రోకళ్లు, కారపుపొడి, ఇవే వారి ఆయుధాలు. 1946 జూలై 4 న కడవెండిలో దొర మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత ఉద్యమం ఊరూరా మండింది. గూండాలు వస్తున్నారని కబురు అందగానే కుప్పలుగా పోసుకొన్న రాళ్ల దగ్గర వడిసెలలతో నిలబడేవారు. లైసెన్సు అక్కరలేదు, కొనవలసిన పని లేదు. నార చేలో పెరిగేది, రాయి బాటలో దొరికేది. తుపాకి ముందు వడిసెల ఎంతోసేపు నిలువదు, నిజమే. తరువాత వారూ తుపాకులు పట్టారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం నైజాం రాజ్యంలో ప్రవేశించడం, 1951 లో సాయుధ పోరాట విరమణ జరగడం అందరికి తెలిసిన విషయాలే. ఐతే పిట్టలను తోలిన చెయ్యే మొదట లేచి నిలబడినదన్న సంగతి మరువరానిది.

ఇక ఉండేలు. ఉండ అంటే మట్టిముద్ద, విల్లు తెలిసినదే. ఈ రెండూ కలిసినదే ఉండేలు. తమిళంలో ఉండివిల్ అనడం దీనికి సాక్ష్యం. ఇది వెదురుతో చేసిన నిజమైన విల్లు. దీనికి ఒక నారి బదులు రెండు నారులు ప్రక్కప్రక్కగా ఉంటాయి. వాటి నడుమ గుడ్డతోనో తోలుతోనో చిన్న ఒడి. అందులో బాణం కాక ఎండిన మట్టి ఉండను పెట్టి లాగి వదలాలి. వదిలేటప్పుడు విల్లు పట్టిన చేతిని కొంచెం ప్రక్కకు త్రిప్పకపోతే ఉండ వచ్చి మన బొటనవ్రేలికే తగులుతుంది. ఉర్దూలో గులేల్ అన్న మాట మొదట దీనిదే. తెలంగాణలో అది గులేరు అయినది.

పంగలకర్రను చూస్తే ఎవరైనా ఆదిమానవుని నాటిది అనుకొంటారు. కొమ్మ, తోలు, రాయి, అన్నీ పాత సరకులే. కాని నిజానికి ఈ మూడింటిలోను ఇదే పసిది. దీనికి నూటతొంభై ఏండ్లకు మించిన వయస్సు ఉండే అవకాశం లేదు. కారణం రబ్బరు.

చెట్టుపాలతో చేసిన పచ్చి రబ్బరు ఎండకు జిగురై అంటుకొనేది, చలికి పెళుసై విరిగేది. 1839 లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకు గంధకం కలిపి కాచితే ఈ రెండు జబ్బులూ పోతాయని కనిపెట్టి, 1844 లో పేటెంటు పొందాడు. ఆ తరువాతనే ఎన్ని సార్లు లాగినా తిరిగి వచ్చే రబ్బరు లోకానికి దొరికింది. 1876 లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుండి సుమారు 70,000 రబ్బరు గింజలను ఇంగ్లండుకు చేర్చగా, వాటిలో మొలిచిన మొక్కలు సింహళానికి, మలయాకు వెళ్లాయి. 1902 లో కేరళలో పెరియారు ఒడ్డున రబ్బరు తోట వెలసింది. ఈ మధ్యలో 1888 లో జాన్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రాల బండి కుదుపు లేకుండా పోవాలని గాలి నింపిన టైరు చేశాడు. ఒక తండ్రి కొడుకుకొరకు చేసిన ఆ పని వల్ల లోకమంతటా సైకిలు ట్యూబులు వచ్చాయి. పాత ట్యూబులు మన వీధి పిల్లల చేతికి వచ్చాయి. ఆ విధంగా అమెరికా గంధకపు విద్య, బ్రెజిల్ గింజ, మన జామకొమ్మ కలిసి పంగలకర్ర అయినది.

ఇక మా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. పదేండ్ల వయస్సులో వేసవి సెలవులకు జనగామ వైపు మా పూర్వుల ఊరికి వెళ్లినప్పుడు మేము మొదటి పంగలకర్ర చెక్కాము. పచ్చి కొమ్మను అప్పుడే నరికి అప్పుడే చెక్కినందున మూడవనాటికి అది నిలువునా చీలింది. రెండవది నిలిచింది. దానితో కొట్టిన మొదటి గురి తగిలిన దెబ్బ బావిగోడ తొర్ర దగ్గర వాలిన గోరువంకకు. అది మళ్లీ లేవలేదు. తొర్రలోని పిల్లలు సాయంత్రం దాకా అరుస్తూనే ఉన్నాయి. మేము గొప్పగా చెప్పుకొందామని ఇంటికి పోయి, చెప్పలేక ఊరకున్నాము.

సంగతి తెలిసిన నాయనమ్మ కొట్టలేదు. చిన్నతనంలో మంచెమీద వడిసెల త్రిప్పిన మనిషి, పోరాటపు రోజులను కండ్లారా చూచిన మనిషి. ఆమె అన్న మాట ఇంతే: "బిడ్డా, వడిసెల పిట్టను లేపెతందుకు, సంపెతందుకు గాదు. గింజ మనదే గాని పానం దానిది."

తాడు ఛెళ్లుమనే చప్పుడు ఎందుకో అప్పుడు మాకు తెలిసింది. మంచెమీది మనిషి పిట్టకు గురి పెట్టడు. చప్పుడుతో, దాటిపోయే రాయితో మందను లేపి పంపుతాడు. పిట్ట బ్రతుకుతుంది, గింజ దక్కుతుంది. పేరు మారి రబ్బరు వచ్చేసరికి ఈ నీతి మాత్రం వెనుక మిగిలిపోయింది.

అందుచేత ఈసారి మా అబ్బాయికి కొనిపెట్టడం మాని, వాడితో కూర్చొని చెక్కాము. కొత్తగా మొదలుపెట్టేవారికి పనికివస్తుందని ఆ పద్ధతి క్లుప్తంగా వ్రాస్తున్నాము. క్వార్టర్ల పెరట్లో జామచెట్టు కొమ్మలు నరికినప్పుడు, రెండు కొమ్ములూ సమంగా బొటనవ్రేలంత లావున్న పంగను ఏరుకొన్నాము. కావలసినదానికంటె నాలుగు వ్రేళ్లు పొడవు ఉంచి, బెరడు తీయక, నరికిన చివరలకు మైనం పూసి, నీడన ఆరు వారాలు ఎండనిచ్చాము. ఎండలో పెడితే చీలుతుంది. మేము పదేండ్లనాడు నేర్చిన పాఠమిది. తరువాత బెరడు గీకి, పీచు వెంట కొద్దికొద్దిగా చెక్కాలి. చాకు ఎప్పుడూ ఒంటికి దూరంగానే కదలాలి, చెయ్యి చాపినంత దూరంలో ఎవరూ ఉండరాదు. మొద్దు చాకే జారి చెయ్యి కోస్తుంది గాని పదునైనది కాదు. కొమ్ముల చివరకు అర అంగుళం క్రిందగా గాడి తీయాలి. లోతైతే అక్కడే విరుగుతుంది. రబ్బరు పట్టీలు రెండూ వెడల్పులోను పొడవులోను సరిసమానంగా ఉండాలి. ఇప్పటి ట్యూబులలో చాలవరకు బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరు. అది గాలిని బాగా నిలుపుతుంది గాని సాగి తిరిగి రావడంలో సహజ రబ్బరుకు సాటి రాదు. నడుమ ఒడికి పాత చెప్పు తోలు చాలును. పగుళ్లు కనబడిన పట్టీని వెంటనే మార్చాలి. తెగితే అది కంటికే తగులుతుంది.

గురికి పాత డబ్బా ఒకటి గోడ ముందు వ్రేలాడదీశాము. రాళ్లకు బదులు నల్లరేగడి మట్టి ఉండలు చేసి ఎండబెట్టాము. కనుక మా పంగలకర్ర ఉండేలు ఋణం కూడా తీర్చుకొన్నది. మనిషి వైపు, పిట్ట వైపు, రైలు వైపు ఎత్తరాదని మూడు కట్టడులు పెట్టాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలుకను, గోరువంకను కొట్టడం నేరం. కదిలే రైలుపై రాయి విసరడం 1989 నాటి రైల్వే చట్టం క్రింద కఠిన శిక్షకు తగిన నేరం. రైల్వే కొలువులో ఉన్నవారము గనుక ఈ మాట మరీ గట్టిగా చెప్పవలసి వచ్చింది.

డబ్బాకు మొదటి ఉండ తగిలి టంగుమనగానే ప్రహరీమీది పిచ్చుకలు బుర్రున లేచిపోయాయి. వాడు గాబరాపడి, "నాన్నా, వాటికి తగల్లేదు గదా?" అన్నాడు. తగలలేదు, లేచాయి, అంతే అన్నాము. నాయనమ్మ ఇప్పుడు లేదు. ఉంటే వాడికి వడిసెల పేనడం నేర్పేది. ఆ విద్య మా చేతికి రాకుండానే ఆమెతో పోయింది. మాట మాత్రం మిగిలింది.

మన సంఘంలో వడిసెల పేనడం తెలిసిన పెద్దలు ఎవరైనా ఉంటే, ఒక ఆదివారం సాయంత్రం మన పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని నేర్పవలసిందిగా చేతులు జోడించి కోరుతున్నాము. మొదటి విద్యార్థులుగా మేమూ, మా అబ్బాయీ వస్తాము.