ఆర్థడాక్స్ అంటే పాతదా, సరైనదా?

"మా వాళ్ళు చాలా ఆర్థడాక్స్ అండీ" అని మనం తరచుగా వింటుంటాం. అంటే మడి, ఆచారం, పాతకాలపు పద్ధతి అన్నమాట. కానీ ఆ మాటకి అసలు అర్థం అది కాదు. గ్రీకులో ఆర్థోస్ అంటే సరైనది, డోక్సా అంటే అభిప్రాయం. రెండూ కలిపితే "సరైన అభిప్రాయం". పాతది అన్న అర్థం ఇందులో ఎక్కడా లేదు. మరి ఏది సరైనదో తేల్చేదెవరు? అసలు గొడవంతా ఇక్కడే.

క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియాలో బిషప్పుల సభ పెట్టించాడు. ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉంది. కుమారుడు తండ్రి చేత సృష్టింపబడినవాడే అన్న ఏరియస్ వాదాన్ని సభ తోసిపుచ్చింది, ఆయన్ని దేశం నుంచి పంపేశారు. అయిపోయిందా? లేదు. కాన్‌స్టంటైన్ కొడుకు కాన్‌స్టాంటియస్ అవతలి పక్షం వైపు మొగ్గాడు. దాంతో నైసియా తీర్మానాన్ని పట్టుకుని నిలబడ్డ అథనేసియస్‌కి ప్రవాసం తప్పలేదు. మొత్తం మీద ఆయన్ని ఐదుసార్లు వెళ్ళగొట్టారు! 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నైసియా మాటే ఖాయం చేసింది. సిద్ధాంతం అదే, మనిషీ అతనే. మారింది సింహాసనం మీద కూర్చున్నవాడు.

మన దగ్గర చూడండి. ఆస్తికుడు అంటే దేవుణ్ణి నమ్మేవాడు అనుకుంటాం. దర్శనాల లెక్కలో మాత్రం వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకునేవాడే ఆస్తికుడు. ఈశ్వరుడి ప్రస్తావన లేని సాంఖ్యం ఆస్తిక దర్శనం, బౌద్ధం, జైనం నాస్తికం. ఛాందసుడు అన్నా మొదట వేదం చదువుకున్నవాడనే. ఇప్పుడది తిట్టు అయిపోయింది.

ఇంకో విషయం. 1855లో విద్యాసాగర్ వితంతు వివాహం కోసం వాదించినప్పుడు శాస్త్రాన్ని పక్కన పెట్టలేదు, పరాశర స్మృతినే చూపించారు. మరుసటి ఏడాదే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు అలాంటి పెళ్ళి జరిపించారు. అడ్డుపడ్డవాళ్ళూ శాస్త్రమే అన్నారు, చేసినవాళ్ళూ శాస్త్రమే అన్నారు. మధ్యలో ఉన్నది మాత్రం ఒక ఆడపిల్ల బతుకు.

క్రికెట్లో కూడా ఈ మాట ఉంది. జడేజాది లెఫ్టార్మ్ ఆర్థడాక్స్ స్పిన్, కుల్దీప్‌ది అన్‌ఆర్థడాక్స్. అయితే కుల్దీప్ బంతికి వికెట్ పడితే అది వికెట్ కాకుండా పోతుందా?

అందుకే ఎవరైనా "ఇదే సరైన సంప్రదాయం" అంటే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఎవరు తేల్చారు? ఎప్పుడు తేల్చారు? దానివల్ల నష్టపోయింది ఎవరు? మీరూ అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.