పని ఇచ్చేవాళ్ళకు సర్కారు డబ్బు: మన పిల్లల ఉద్యోగాల వెనుక కథ

మన సంఘాల్లో అప్పు గురించి అందరికీ తెలుసు. వడ్డీ ఎంత, వాయిదా ఎప్పుడు, బ్యాంకులో ఎంత నిల్వ ఉంది అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కానీ మన ఆడపిల్లను బట్టల ఫ్యాక్టరీలోనో, షాపింగ్ మాల్‌లోనో, ఆసుపత్రిలోనో పనికి పెట్టుకున్నందుకు ఆ యజమానికి, ఆ శిక్షణ సంస్థకు ప్రభుత్వం ఎంత ఇస్తుందో మనలో తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే ఈ ఏటి నివేదికలో ఈ చరిత్ర రాయాలనుకున్నాం.

ఇది చాలా పాత కథ. ఇంగ్లీషువాళ్ళ కాలంలో, 1850లోనే, అనాథ పిల్లల్ని, పేద పిల్లల్ని పని నేర్చుకోవడానికి యజమాని దగ్గర ఒప్పందం మీద పెట్టే చట్టం ఒకటి వచ్చింది. పదేళ్ళు దాటిన పిల్లవాణ్ణి కూడా ఏళ్ళ తరబడి కట్టిపడేయొచ్చు. మన ఊళ్ళల్లో జీతగాళ్ళను పెట్టుకున్న పద్ధతి ఎరిగినవాళ్ళకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

స్వతంత్రం వచ్చాక 1961లో అప్రెంటిస్ చట్టం చేశారు. పెద్ద కర్మాగారాలు తమ దగ్గరున్న పనివాళ్ళ సంఖ్యను బట్టి ఇంతమంది కుర్రవాళ్ళకు పని నేర్పాలని, నేర్చుకున్నంత కాలం స్టైపెండ్ ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. ఐ.టి.ఐ. చదివిన మన పిల్లలు చాలామంది ఆ దారిలోనే వెళ్ళారు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చట్టం లెక్కలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, నేర్చుకునేవాడు. కాబట్టి మామూలు కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా లేదు. అయితే పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఉంది. అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. ఈ రెండూ పిల్లలకు ఎవరూ చెప్పరు.

తర్వాత 1979లో గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చే ట్రైసెం వచ్చింది. మనలో పెద్దవాళ్ళు కొందరు అప్పుడు కుట్టుపని నేర్చుకున్నవాళ్ళే. నేర్పడం వరకు బాగానే జరిగింది, ఆ తర్వాత పని ఎవరిస్తారన్నదే తేలలేదు. సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలో పడుకుంది. 1999లో ఆ పథకాన్ని స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిపేశారు.

మన రాష్ట్రంలో పద్ధతి మారింది 2005లో అని చెప్పొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ పెట్టారు. ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం వెతుక్కోవడం కాకుండా, ముందు కంపెనీకి ఎలాంటి పనివాళ్ళు కావాలో అడిగి, దానికి తగ్గట్టు పిల్లలకు నేర్పడం మొదలైంది. ఊళ్ళో ఏ ఇంట్లో చదువు ఆపేసిన పిల్ల ఉంది, ఎవరికి పట్నం పంపే ధైర్యం ఉంది, ఈ సంగతి గ్రామ సంఘాలకే తెలుసు. కాబట్టి పిల్లల్ని గుర్తించే పని మనకే వచ్చింది. ఇంటింటికీ తిరిగి తండ్రుల్ని ఒప్పించింది సంఘం అక్కలే. ఆ శ్రమకు కట్టిన విలువ ఏ నివేదికలోనూ కనపడదు, అది వేరే మాట.

కేంద్రం కూడా అదే దారి పట్టింది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద 2014 సెప్టెంబరు 25న దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ప్రకటించారు. పదిహేనేళ్ళ నుంచి ముప్పయి అయిదేళ్ళ పేద యువతకు, ఆడవాళ్ళకైతే నలభై అయిదు వరకు, ఉచిత శిక్షణ. మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు. ఇక్కడ డబ్బు వెళ్ళేది శిక్షణ సంస్థకు, అదీ వాయిదాల్లో. పిల్లలు ఉద్యోగంలో కనీసం మూడు నెలలు ఉన్నట్టు చూపాలి. పనివాళ్ళు కావలసిన యజమాని తానే శిక్షణ ఇచ్చి తన దగ్గరే పెట్టుకోవచ్చు, అతనికీ ఆ డబ్బు వస్తుంది.

మూడు నెలల షరతు మంచిదే. అది లేకపోతే కాగితం మీదే ఉద్యోగాలు పుట్టేవి. అయితే నాలుగో నెలలో ఇంటికి వచ్చిన పిల్లల్ని మనం చూశాం. హాస్టల్‌లో నీళ్ళు లేవని ఒకరు, జీతంలో కోతలు ముందు చెప్పలేదని ఒకరు, నిలబడి నిలబడి కాళ్ళు వాచాయని మరొకరు. పథకం లెక్కలో వాళ్ళు ఉద్యోగం వచ్చినవాళ్ళు. మన లెక్కలో ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు. లెక్క ఎక్కడ ఆపాలో నిర్ణయించేవాళ్ళకు ఆ పిల్లల తల్లులు కనపడరు.

ఇక 2016 నుంచి యజమానికే నేరుగా సాయం చేసే పథకాలు వరసగా వచ్చాయి. ఆ ఏడాది వచ్చిన అప్రెంటిస్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. మొదట్లో యజమాని ఇచ్చాక అతనికి తిరిగి చెల్లించేవారు. 2023 నుంచి ఆ వాటా పిల్లల బ్యాంకు ఖాతాలోకే వేస్తున్నారు. 2016లోనే మరో పథకం కింద, కొత్తగా చేర్చుకున్న, 15,000 లోపు జీతగాళ్ళకు యజమాని కట్టాల్సిన పెన్షన్ వాటా 8.33 శాతం మూడేళ్ళపాటు ప్రభుత్వమే కట్టింది. కరోనా తర్వాత 2020లో వచ్చిన పథకంలో, వెయ్యి మంది వరకు ఉన్న సంస్థలకు, కొత్త ఉద్యోగుల విషయంలో ఇద్దరి పి.ఎఫ్. వాటాలూ రెండేళ్ళు ప్రభుత్వమే కట్టింది.

ఇప్పుడు నడుస్తున్నది ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 వరకు చేరేవాళ్ళకు వర్తిస్తుంది. పుస్తకాలు రాసే అక్కలు ఈ లెక్క చూడండి. మన అమ్మాయి మొదటిసారి ఉద్యోగంలో చేరింది, పి.ఎఫ్. లెక్కకు జీతం 12,000 అనుకుందాం. ఆమెకు ఒక నెల జీతమంత, అంటే 12,000, రెండు వాయిదాల్లో వస్తుంది: ఆరు నెలలు పనిచేశాక ఒకటి, ఏడాది అయ్యి, డబ్బు నిర్వహణ పాఠం పూర్తి చేశాక రెండోది. దానిలో కొంత పొదుపుగా ఆపి ఉంచుతారు. యజమానికి ఆమె పేరు మీద నెలకు 2,000. రెండేళ్ళకు 48,000. ఫ్యాక్టరీ అయితే నాలుగేళ్ళు, అంటే 96,000. అయితే యజమాని ఉన్నవాళ్ళను తీసేసి కొత్తవాళ్ళను చూపిస్తే కుదరదు. యాభై మందిలోపు ఉన్నచోట కనీసం ఇద్దర్ని, ఆపైన అయితే అయిదుగుర్ని అదనంగా చేర్చుకుని ఆరు నెలలు నిలపాలి.

మనకు నచ్చింది ఆరు నెలల మాట. పిల్ల నిలబడితేనే యజమానికి లాభం కాబట్టి హాస్టల్‌లో నీళ్ళ గురించి ఇప్పుడైనా పట్టించుకుంటారేమో. అనుమానం పుట్టించేది "మొదటిసారి" అన్న మాట. ఏనాడో ఎక్కడో ఇరవై రోజులు చేసి మానేసినా, అప్పుడు ఆమె పేరున పి.ఎఫ్. ఖాతా తెరిచి ఉంటే, ఆమె ఇక మొదటిసారి చేరినట్టు కాదు. ఆ 12,000 రాదు. ఆ ఖాతా ఉందన్న సంగతే చాలామంది పిల్లలకు తెలియదు.

అందుకని ఈ ఏడాది గ్రామ సంఘాల్లో ఒక రిజిస్టర్ మొదలుపెట్టాం. బయట పనికి వెళ్ళిన ప్రతి పిల్ల పేరు, ఊరు, ఏ పనో, యు.ఏ.ఎన్. నంబరు, నియామక పత్రం ఇచ్చారా లేదా. పేరు, ఊరు గడులు నిండాయి. నంబరు గడి సగం నిండింది. నియామక పత్రం గడి చాలా పేజీల్లో ఇంకా ఖాళీగానే ఉంది.