బజార్ నుంచి గిట్‌కు: ఈమాక్స్ ఇల్లు మారిన కథ

నేను రోజూ కోడ్ రాసేది ఈమాక్స్ అనే ఎడిటర్‌లో. కంట్రోల్ పట్టుకుని హెచ్, తర్వాత విడిగా ఇంకో హెచ్ నొక్కితే ప్రపంచ భాషల పలకరింపులు తెరుచుకుంటాయి. వాటిలో మన ‘నమస్కారం’ కూడా ఉంది. ఈమాక్స్ కోడ్‌లో చేసిన మార్పుల, అంటే కమిట్ల, చరిత్ర 1985 దాకా వెళ్తుంది. ఇన్నేళ్లు నిలిచిందంటే తరతరానా ఎవరో ఒకరు వచ్చి చేయి వేయబట్టే.

ఈ మార్పుల చరిత్రను దాచేది వెర్షన్ కంట్రోల్ సాధనం. 2009 చివర్లో ఈమాక్స్ సీవీఎస్ అనే పాత సాధనాన్ని వదిలి బజార్‌కు మారింది. అలాంటిదే మరో సాధనం గిట్ అప్పటికే నాలుగేళ్ల పిల్ల, చురుకైనది. అయినా బజార్‌నే ఎంచుకోవడానికి కారణం, ఈమాక్స్ లాగే అది కూడా గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కుటుంబంలో చేరడం. మనవాణ్ని మనం వాడకపోతే ఎవరు వాడతారన్నది గ్నూను మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ పట్టుదల. నాకు ఆ పట్టుదల మీద గౌరవమే. కానీ అంత పాత చరిత్రను మోస్తూ బజార్ నత్తనడక నడిచేది. 2012 తర్వాత దాని మీద కొత్త పని దాదాపు ఆగిపోయింది. ఆలోగా కుర్రకారుకంతా గిట్‌తో నడిచే గిట్‌హబ్ సైట్‌లో చేయి తిరిగిపోయింది. ఒక చిన్న తప్పు దిద్దడానికి ఇంకెక్కడా పనికిరాని కమాండ్లు ఎవరు నేర్చుకుంటారు?

2014 జనవరిలో ప్రోగ్రామర్ ఎరిక్ రేమండ్ ఆ మాట మొహమాటం లేకుండా అన్నాడు: బజార్‌ను పట్టుకు వేలాడితే కొత్తవాళ్లు రారు. అని ఊరుకోలేదు, మార్పిడి పని తనే నెత్తిన వేసుకున్నాడు. పాత కమిట్ సందేశాల్లో ఫలానా నంబరు రివిజన్ చూడండి అని ఉంటే, గిట్‌లోకి వచ్చాక ఆ నంబరుకు అర్థమే ఉండదు. అలాంటి చోట తేదీ, సమయం, ఆశ్చర్యార్థకం, కమిట్ చేసినవారి ఈమెయిల్ కలిపి ఒక ముద్ర పెట్టారు. గిట్ పోయి రేపు ఇంకోటి వచ్చినా ఆ ముద్ర చెల్లుతుంది. నన్నడిగితే మొత్తం కథలో మెచ్చుకోదగ్గ పని ఇదే. 2014 నవంబరులో ఈమాక్స్ గిట్‌లోకి వచ్చేసింది.

పైథాన్ భాష ప్రాజెక్టు ఇంకో అడుగు ముందుకేసింది. అది 2011లో చేరిన మెర్క్యురియల్ అనే వెర్షన్ కంట్రోల్ సాధనంలో పెద్ద లోపమేమీ లేదు. అయినా 2017 ఫిబ్రవరిలో దాన్ని వదిలి ఏకంగా గిట్‌హబ్‌కే వెళ్లింది, జనం అక్కడున్నారు కనుక. ఈమాక్స్ వెళ్లలేదు. నేటికీ గ్నూ వారి సొంత సైట్ సవన్నాలోనే ఉంది. ప్యాచ్, అంటే మార్పుల ఫైలు, ఈమెయిల్‌లో పంపాలి, పెద్ద మార్పయితే కాపీరైట్‌ను ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు రాసివ్వాలి. నేను చూసినంతలో కొత్తవాళ్లు గిట్ అంటే బెదరరు, ఈ కాగితాలంటేనే జంకుతారు. గిట్ ఒక అడ్డు తీసింది, అంతే.

ఈమాక్స్‌లో తెలుగు టైపింగ్ పద్ధతులు ఉన్నాయి. మీ కంటికి అక్కడ ఏదైనా లోపం కనిపిస్తే దిద్ది పంపండి. మొత్తం మీద సుమారు 15 లైన్ల లోపు మార్పులకు ఏ సంతకమూ అక్కర్లేదు.