జూ అనే బ్యాకప్

మొన్న దసరాకి వరంగల్ వెళ్ళినప్పుడు మా మేనల్లుణ్ణి హంటర్ రోడ్డులోని కాకతీయ జూకి తీసుకెళ్ళా. 1985లో మొదలైన వనవిజ్ఞాన కేంద్రమే అది. మా ఇంట్లో ఇప్పటికీ పాత పేరే. చుక్కల జింకల్ని చూసి వాడడిగాడు, "ఇవి అడవిలో బోలెడున్నాయి కదా మామా, మళ్ళీ ఇక్కడెందుకు?" "అక్కడ అయిపోతే ఇక్కడుంటాయిరా, బ్యాకప్" అనేశా.

అన్నాక నాకే అనుమానమొచ్చింది. ఒక్కసారైనా రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని మనం నమ్ముతామా? మరి జూల సంగతేంటి?

ముందు సింహాల కథ చెప్పాలి. ఆసియా సింహాలు అడవిలో మిగిలింది గుజరాత్ గిర్ ప్రాంతంలోనే. అందుకని 1980ల్లో అమెరికా జూలు వాటిని పద్ధతిగా, వంశవృక్షం రాసుకుని మరీ పెంచాయి. తీరా 1987లో స్టీఫెన్ ఓబ్రయన్ బృందం జన్యుపరీక్షలు చేస్తే, ఆ సంతతికి మూలమైన ఐదు సింహాల్లో రెండు ఆఫ్రికా సంబంధం ఉన్నవని తేలింది. అంతే, ఆ కార్యక్రమం మూలపడింది. మన దగ్గరా అదే కథ. చండీగఢ్ దగ్గరి ఛత్‌బీర్ జూలో సర్కస్ సింహాలతో కలిపి పెంచి, చివరికి ఆ సంకర సింహాలకి పిల్లలు పుట్టకుండా ఆపాల్సొచ్చింది. పాపం, వాటి తప్పేముంది? లెక్క పెరిగిందని మురిశారు గానీ అందులో ఏముందో చూడలేదు.

రెండో చిక్కు మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. మేనరికం వద్దని డాక్టర్లు ఎందుకంటారో అదే! చిన్న మందలో దగ్గరి చుట్టాలే జతకడుతుంటే, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపమున్న జన్యువు పిల్లకి చేరే అవకాశం పెరుగుతుంది. అందుకే ఏది దేనితో జతకట్టాలో చూసుకోవాలి.

ఈ పనికి మన హైదరాబాదులోనే ఓ ల్యాబుంది. సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్, అత్తాపూర్‌లో. లాల్జీ సింగ్ గారి చొరవతో వచ్చిన దీన్ని 2007లో కలాం గారు జాతికి అంకితం చేశారు. అంతకు ముందే, 2006లో, కృత్రిమ గర్భధారణతో 'స్పాటీ' అనే చుక్కల జింక పిల్లని పుట్టించారు. 2007లో కృష్ణజింక పిల్ల. చుక్కల జింకలకేం కరువని అడగొచ్చు. కరువు లేదు కాబట్టే వాటి మీద నేర్చుకోవాలి. ప్రొడక్షన్ మీద ప్రయోగాలు చెయ్యం కదా!

అసలు రీస్టోర్ 2017లో జరిగింది. చిన్నగా ఉండే మూషిక జింకల్ని 2010లో ఆరింటితో మొదలుపెట్టి నెహ్రూ జూలో పెంచారు. వాటి సంతతిలో ఎనిమిదింటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవికి పంపారు. ఆరింటి సంతతంటే అంతా చుట్టాలే. జతలు చూసుకోవడం అక్కడెంత అవసరమో ఊహించుకోండి.

నా మటుకు జూ గొప్పతనం బోనులో ఎన్నున్నాయన్న దాంట్లో లేదు. వాటి తాతముత్తాతలెవరో తెలియాలి, అడవికి ఎన్ని తిరిగెళ్ళాయో చెప్పగలగాలి. బోనుల ముందు బోర్డుల మీద ఆ రెండూ రాస్తే బావుంటుంది. ఈసారి మావాడడిగితే బోర్డు చూపిస్తా. ఏమంటారు?