క్యూబిస్టు స్టిల్ లైఫ్

పండ్లు, పాత్రలు, సీసాలు, సంగీత వాద్యాల వంటి కదలని వస్తువులను బల్ల మీద పేర్చుకుని వేసే చిత్రాన్ని స్టిల్ లైఫ్ అంటారు. ఫ్రెంచి అకాడమీ పెద్దలు పురాణ, చారిత్రక చిత్రాలకు అగ్రపీఠం వేసి, దీన్ని అట్టడుగున కూర్చోబెట్టారు. 1908–1914 మధ్య జార్జ్ బ్రాక్, పాబ్లో పికాసో ఆ అట్టడుగు రకాన్నే చేపట్టి చిత్రకళ స్వరూపాన్ని మార్చేశారు. వాళ్లు తెచ్చిన క్యూబిజంలో పెద్ద మలుపులు చాలావరకు గోడకు తగిలించిన వాద్యాల దగ్గర, కేఫ్ బల్ల మీది గ్లాసుల దగ్గర వచ్చినవే.

దారి వేసినవాడు పాల్ సెజాన్. 15వ శతాబ్దం నుంచీ యూరప్ చిత్రకారులు, ఒకేచోట నిలబడ్డ మనిషి ఒంటికన్నుతో చూస్తే ఎలా ఉంటుందో అలా వేసేవారు. సెజాన్ ఆ నియమాన్ని నెమ్మదిగా సడలించాడు. ఆయన వేసిన బల్లల అంచులు, పరిచిన గుడ్డకు ఇటువైపూ అటువైపూ ఒక గీతలో కలవవు. పళ్లెం మన వైపు ఒరిగి ఉంటుంది. పండ్లు దొర్లి కింద పడాలి, పడవు. ఒక వస్తువు అంచును పూర్తిగా మూయకుండా వదిలేసి, దాని రంగును పక్కదానిలోకి జారనివ్వడం కూడా ఆయన నేర్పిందే. 1906లో ఆయన చనిపోయాడు. 1907లో పారిస్‌లో జరిగిన సంస్మరణ ప్రదర్శన యువ చిత్రకారులకు కొత్త బడి అయింది. 1908లో బ్రాక్ దక్షిణ ఫ్రాన్స్‌లోని లెస్టాక్ ఊళ్లో వేసిన ప్రకృతి దృశ్యాలను చిత్రాల వ్యాపారి కాన్‌వైలర్ తన గ్యాలరీలో ప్రదర్శించినప్పుడు, విమర్శకుడు లూయీ వోసెల్ వాటిలో కనిపించేవి ఘనాలేనని ఎత్తిపొడిచాడు. క్యూబిజం అనే పేరు ఆ ఎత్తిపొడుపు నుంచే పుట్టింది.

చూడటం ఎలాగో తెలియాలంటే బ్రాక్ 1909లో వేసిన 'వయొలిన్, పాలెట్' దగ్గర కాసేపు ఆగాలి. ఇప్పుడది న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది. సుమారు 92 సెంటీమీటర్ల ఎత్తు, 43 సెంటీమీటర్ల వెడల్పున్న సన్నటి కాన్వాస్ అది. కింద వయొలిన్, దాని పైన స్వరాల కాగితాలు, అన్నిటికన్నా పైన రంగులు కలుపుకునే పాలెట్. వయొలిన్ ఒళ్లంతా పలకలు పలకలుగా చిట్లింది, తీగలు ఒక తీరున సాగవు. వెలుగు ఎటునుంచి వస్తోందో చెప్పలేం, ఒక్కో పలకకు దాని వెలుగు దానిదే. వయొలిన్ ఎక్కడ ఆగిందో, వెనక గోడ ఎక్కడ మొదలైందో తేల్చుకోబోతే చూపు జారిపోతుంది. అయితే పాలెట్‌ను తగిలించిన మేకు మాత్రం నీడతో సహా అచ్చం నిజమైన మేకులా ఉంది. పాత పద్ధతి బ్రాక్‌కు చేతకాక వదిలేయలేదని ఆ మేకే సాక్ష్యం. చిత్రకారుడు రెండు రకాల చూపులనూ పక్కపక్కన పెట్టి, రెండూ రంగుతో చేసినవేనని చూపుతున్నాడు.

క్యూబిజం అంటే వస్తువును అన్ని వైపుల నుంచీ ఒకేసారి చూపడమని పుస్తకాలు చెబుతుంటాయి. అది సగం నిజమే. గ్లాసు మూతిని పైనుంచి చూసినట్టు గుండ్రంగానూ, ఒంటిని ఎదురుగా చూసినట్టు నిటారుగానూ వేసిన చిత్రాలు చాలా ఉన్నాయి. కానీ 1911 నాటి కాన్వాసుల్లో కోణాలు లెక్కపెట్టబోతే లెక్క తెగదు. ముక్కలన్నీ అతికిస్తే అసలు వయొలిన్ తిరిగి వస్తుందనుకోవడం కూడా పొరపాటే. బ్రాక్‌కు కావలసింది వస్తువుకూ మనకూ మధ్య ఉన్న చోటు, చెయ్యి చాస్తే అందే దూరం. వాద్యాలంటే ఆయనకు ఇష్టం, స్టూడియోలో ఉంచుకునేవాడు. వాద్యం చేతిలోకి తీసుకున్నప్పుడే పలుకుతుంది. దూరాన ఉన్న కొండకన్నా బల్ల మీది వస్తువే ఈ అన్వేషణకు సరిపోయింది అందుకే.

1911 నాటికి వస్తువులు దాదాపు కరిగిపోయి, బూడిద, గోధుమ రంగుల పొరలే మిగిలాయి. చిత్రం ఈ లోకంతో తెగిపోకూడదని బ్రాక్ అచ్చు అక్షరాలను స్టెన్సిల్‌తో దించాడు. ఆయన ఇళ్లకు రంగులు వేసే కుటుంబంలో పుట్టినవాడు. దువ్వెనతో చెక్క పోగుల ముద్ర వేయడం, చలువరాయి చారలు దింపడం చిన్ననాడే పట్టుబడిన పని. ఇంటి వృత్తిగా వచ్చిన ఆ నేర్పు అత్యాధునిక చిత్రకళకు పనికొచ్చిన తీరు నాకు ఎప్పుడూ అబ్బురమే.

1912 మేలో పికాసో ఇంకో అడుగు ముందుకు వేశాడు. పేము అల్లిక బొమ్మ అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను చిన్న కోడిగుడ్డు ఆకారపు కాన్వాస్‌కు అంటించి, మిగతా చోట గ్లాసు, కత్తి, నిమ్మ ముక్క వంటివి వేసి, చట్రానికి బదులు తాడు చుట్టాడు. నిజంగా తెచ్చి అంటించిన ఆ ముక్కే నకిలీ పేము! పక్కనున్న జె, ఓ, యూ అక్షరాలు ఫ్రెంచిలో పత్రిక అనే మాటకూ ఆడటం అనే మాటకూ తొలి అక్షరాలే. ఆ సెప్టెంబరులో సోర్గ్ ఊళ్లో ఉన్న బ్రాక్, అవిన్యోన్ దుకాణంలో కొన్న చెక్క పోగుల గోడకాగితం కత్తిరించి పండ్ల పాత్ర చిత్రంలో అతికించాడు. అప్పటినుంచి చిత్రం వస్తువును విడగొట్టడం మాని, వేరువేరు ముక్కలతో వస్తువును కట్టడం మొదలైంది. ఈ దశకు అందరికన్నా తీరైన కూర్పు ఇచ్చినవాడు, 1906లో మాడ్రిడ్ నుంచి పారిస్ వచ్చిన హువాన్ గ్రీస్. 1915లో ఆయన వేసిన గళ్ల బల్లగుడ్డ చిత్రంలో కప్పులు, సీసాలు కాసేపటికి ఎద్దు తలగా కనిపిస్తాయి.

1914లో యుద్ధం వచ్చి బ్రాక్, పికాసోల జతను విడదీసింది. బ్రాక్ సైన్యంలో చేరి 1915లో తలకు తీవ్రంగా గాయపడ్డాడు. కాన్‌వైలర్ జర్మన్ పౌరుడు కావడంతో ఫ్రెంచి ప్రభుత్వం ఆయన దగ్గరున్న చిత్రాలన్నిటినీ జప్తు చేసి, 1921–1923 మధ్య పారిస్‌లో నాలుగు విడతలుగా వేలం వేసింది. కొద్దికాలంలోనే అన్ని చిత్రాలు బజారున పడటంతో ధరలు పడిపోయాయి. స్విట్జర్లాండ్ బ్యాంకరు రౌల్ లా రోష్, స్నేహితులైన చిత్రకారుడు ఓజాన్‌ఫాన్, వాస్తుశిల్పి ల కొర్బుజియేల సాయంతో వాటిలో ఎన్నో కొన్నాడు. 1952 నుంచి విడతలవారీగా వాటిలో చాలా చిత్రాలను బాసెల్ కళామ్యూజియంకు ఇచ్చేశాడు.