సూర్యలంక తీరం

బాపట్ల పట్టణానికి సుమారు 9 కి.మీ. దూరంలో, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న పర్యాటక కేంద్రం. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత రిసార్టు ఇక్కడ ఉంది. ఇక్కడి కష్టనష్టాలన్నీ సముద్రంతోనే ముడిపడ్డాయి. కార్తీక మాసంలో సముద్రస్నానాలకు జనం పోటెత్తుతారు; ఆ రోజుల్లో ఒడ్డున ఎంతమంది గజ ఈతగాళ్లు, మెరైన్ పోలీసులు ఉన్నారన్నదే అసలు లెక్క. అలల ఉద్ధృతి పెరిగితే సందర్శకులను ఆపేస్తారు, బజ్జీల బండి నుంచి రిసార్టు గది దాకా బేరం పడిపోతుంది. చిక్కేమిటంటే, తుపాన్ల కాలమూ ఇంచుమించు అదే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. పెద్ద పెట్టుబడి మాత్రం ఆలస్యంగా వచ్చింది: స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద సూర్యలంక అభివృద్ధికి కేంద్రం రూ.97.52 కోట్లు మంజూరు చేసింది.